బండిలో బావి మాట ఎత్తొద్దు

అనంతయ్య వకీలు ఇంట్లో చారు పోసుకోవడానికి కూడా ఒక కాయిదా ఉండేది. పప్పు అయ్యాక చారు, చారు అయ్యాక పెరుగు. పెరుగన్నంలో ఎవరైనా చారు చుక్క వేసుకుంటే ఆయన తలెత్తి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు, చూసేవాడంతే. ఆ చూపుకు జంకి ఇంటికొచ్చిన చుట్టాలు కూడా వరస తప్పేవాళ్లు కాదు. భార్య రుక్కమ్మ మాత్రం ఆయన ఎదురుగానే కూర్చుని పెరుగులో చారు, చారులో పచ్చడి, అన్నీ ఒక్కటి చేసుకుని తినేది.

"తాకీదు పంపుండ్రి నాకు. జవాబిస్త," అనేది.

ఆ తాకీదు ఎన్నడూ రాలేదు. ఊళ్లో అందరికీ కాయిదాలు చెప్పే మనిషికి ఇంట్లో ఒక్కరి దగ్గర మినహాయింపు ఉండడం న్యాయమే.

ఆయన పుట్టింది వనపర్తిలో. తండ్రి సంస్థానం కచేరీలో కాగితాలకు నకళ్లు రాసేవాడు. "అసలుల ఎట్లుంటే నకలుల అట్లనే ఉండాలె, తప్పుంటే తప్పుతోనే ఉండాలె" అన్న మాట పిల్లవాడు ఉగ్గుపాలతో పాటు తాగాడు. కోర్టుల్లో అప్పుడు నడిచేది ఉర్దూ కాబట్టి మౌల్వీ దగ్గర కూర్చుని ఉర్దూ నేర్చుకున్నాడు. వకీలు పరీక్ష రాయడానికి నగరానికి పోయి మొదటిసారి తప్పాడు. చదవక కాదు. ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న అసలు చట్టం ప్రకారం అడగరానిదని రుజువు చేస్తూ కూర్చున్నాడు, ఆ రుజువు పూర్తయ్యేసరికి గంట కొట్టారు. మరుసటి ఏడు ఆ ప్రశ్న అడగలేదు. అందుకని పాసయ్యాడు.

పని నేర్చుకోవడానికి గద్వాలలో తిమ్మప్ప వకీలు దగ్గర చేరాడు. తిమ్మప్పకు రాయచూరు వైపు చుట్టరికాలు ఎక్కువ, తెలుగు మాట్లాడుతుండగానే మధ్యలో కన్నడం దొర్లుతుండేది. ఆయన కచేరీ అంటే ఇంటి ముందరి అరుగు. అరుగు మీద ఒక చాప, ఒక వక్కాకుల సంచి, ఒకే ఒక్క చట్టం పుస్తకం. ఆ పుస్తకం గాలికి కాగితాలు ఎగరకుండా బరువు పెట్టడానికి పనికొచ్చేది.

చేరిన రోజే అనంతయ్య చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు. "గురువుగారూ, ముందు ఏ పుస్తకం చదవమంటరు?"

"నువ్వు చదివినయన్ని మరిచిపోనీకె ఒక నెల పడ్తది. గప్పటిదాక వక్కలు కత్తిరియ్యప్పా," అన్నాడు తిమ్మప్ప.

అనంతయ్య ఒక నెల వక్కలు కత్తిరించాడు. అన్నీ ఒకే కొలతలో కత్తిరించాడు. తిమ్మప్ప ఆ వక్కలను వచ్చిన కక్షిదారులందరికీ చూపించేవాడు. "మావోడు కత్తిరిచ్చిండు. కచేరీల గూడ వాదన గిట్లనే కత్తిరిస్తడు, ఎటు కొరికినా ఒకటే తీరు," అని మురిసేవాడో వెక్కిరించేవాడో అనంతయ్యకు చివరిదాకా తెలియలేదు.

కాలం ఎవరి దారిన వాళ్లను తీసుకుపోయింది. అనంతయ్య కొన్నాళ్లు వనపర్తిలో వకాలతు చేసి, తర్వాత నాగర్‌కర్నూలుకు సర్కారీ వకీలుగా వచ్చాడు. సర్కారు తరఫున వాదించడం ఆయనకు భలే నచ్చింది, ఎందుకంటే సర్కారు అనే కక్షిదారు ఏడవదు, పొద్దున్నే ఇంటికి రాదు, కోడిపుంజును కానుకగా తేదు. తిమ్మప్ప కూడా వయసు మీద పడ్డాక కూతురి ఊరని నాగర్‌కర్నూలే చేరి, ఆ కోర్టులోనే చిన్నాచితకా దావాలు చూసుకుంటున్నాడు. ఇద్దరూ ఎదురుపడితే అనంతయ్య నమస్కారం పెట్టేవాడు. కోర్టు ఆవరణలో మాత్రం 'గురువుగారూ' అనేవాడు కాదు, 'తిమ్మప్పగారూ' అనేవాడు. అది కూడా కాయిదానే.

అట్లాంటి మనిషికి పందొమ్మిది వందల ముప్పైల చివర్లో నగరంలోని పెద్ద అదాలతు ఇంకో పని అప్పగించింది. ఆ ప్రాంతపు వకీళ్ల నడవడి మీద ఫిర్యాదులు వస్తే విచారించి రాయడం. వకీలుకు సనదు అంటే పొలానికి పట్టా లాంటిది, అది ఉంటేనే నల్ల శేర్వానీ వేసుకుని కోర్టులో నిలబడి మాట్లాడగలడు. తప్పు రుజువైతే అదాలతు ఆ సనదు వెనక్కి తీసుకుంటుంది. తప్పు ఉందో లేదో ఇకమీద మొదట రాసేది అనంతయ్య.

ఆకలితో ఉన్నవాడి ముందు ఆకు వేసినట్టయింది. వారం తిరక్కుండానే వకీళ్ల గది గోడకు ఒక పెద్ద కాగితం అతికించాడు, సగం ఉర్దూలో, సగం తెలుగులో. కోర్టులో ఆకు నమలరాదు. టోపీ లేకుండా గడప దాటరాదు. ఎదుటి పక్షం వకీలు మాట్లాడుతుంటే ఆవులించరాదు. వకీలు ఎదుటి పక్షంవారితో ఒకే బండిలో ప్రయాణించరాదు, ఒకే పంక్తిలో తినరాదు.

రామచంద్రయ్య అనే వకీలు అంతా చదివి వెనక్కి తిరిగాడు. "అంత మంచిగనే ఉన్నది గని అనంతయ్యా, తుమ్మొస్తే ఎవలను అడగాలె?"

"నన్ను," అన్నాడు అనంతయ్య నవ్వకుండా. ఆయన నిజంగానే అన్నాడు.

కాగితం అతికించిన కొద్ది రోజులకు, ఒక వాయిదా పొద్దున, అనంతయ్య వకీళ్ల గది కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఒక బండి వచ్చి ఆగింది. కాడికి ఒక పక్క నల్లెద్దు, ఇంకో పక్క తెల్లెద్దు. బండిలో గడ్డి మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో, దారిలో ఇంటి దగ్గర ఎక్కించుకున్న తిమ్మప్ప, ఒళ్లో విప్పిన సద్దిమూట. ఆయనకు ఎడమ పక్కన నాగప్ప. ఉప్పునుంతల రైతు, దావా వేసినవాడు, తిమ్మప్ప కక్షిదారు. కుడి పక్కన దశరథం. నాగప్ప దాయాది. దావా వేసింది ఆయన మీదే, ఆయన తరఫు వకీలు రామచంద్రయ్య. ముగ్గురూ ఒకే రొట్టెను తుంచుకుని తింటున్నారు.

దావా ఒక బావి గురించి. పొత్తుల బావి. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లవారి మోట కట్టినవాడికి దొరుకుతాయి, మధ్యాహ్నం కట్టినవాడికి అడుగున బురద మిగులుతుంది. పొద్దటి వంతు పెద్దవాడి వంశానిదని నాగప్ప, వారాలు మార్చుకోవాలని దశరథం. ఆ మాట తాత కాలం నుంచి ఉంది, కోర్టుకు మాత్రం కొత్తగా వచ్చింది.

అనంతయ్య బయటికి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. "తిమ్మప్పగారూ, ఏందిది?"

"జొన్నరొట్టె. తింటవా?"

"రొట్టె సంగతి అడుగుతలేను. మీ పక్కన ఎదుటి పక్షపాయన ఎందుకు కూసున్నడు?"

"ముందల కూసుంటే ఎద్దు తోక మొఖానికి తగుల్తున్నదని ఎనుకకు వచ్చిండు."

"గోడ మీది కాయిదా చదివిండ్రా లేదా?"

"కండ్లు సరిగ ఆనుతలేవప్పా. జర పెద్దగ రాసుంటే బాగుండు," అన్నాడు తిమ్మప్ప, రెండు గజాల కాగితాన్ని మనసులో పెట్టుకునే.

చుట్టూ నలుగురు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఎవరో ఒకరు నిజంగానే ఫిర్యాదు రాసి పంపారు. పెద్ద అదాలతు నుంచి హుకుం వచ్చింది. తిమ్మప్ప వకీలు ఎదుటి పక్షంతో కుమ్మక్కయ్యాడా లేదా, సాక్షుల ఊరికి పోయి విచారించి రాయాలి. కుమ్మక్కు నిజమైతే సనదు రద్దు.

ఆ పూట అన్నం తింటుండగా అనంతయ్య సంగతి చెప్పాడు.

"ఆయన మీ గురువు గాదా?" అంది రుక్కమ్మ.

"గురువుకు వేరే కాయిదా ఉంటదా?"

"ఉండదు. నేను ఉంటదనలే. సనదు పోతే గా ముసలాయన ఏం జేస్తడని అడుగుతున్న."

అనంతయ్య పెరుగన్నంలో చారు పోసుకున్నాడు. రుక్కమ్మ చూసింది, ఏమీ అనలేదు.

చప్రాసీ ఇస్రాయేలు నోటీసు తీసుకుపోయేసరికి తిమ్మప్ప మనవరాలికి వక్కాకు చుట్టడం నేర్పుతున్నాడు. ఇస్రాయేలుది మానవపాడు. వాళ్లింట్లో అందరూ పంటల కాలంలో కూలికి ఊళ్లు తిరిగేవాళ్లు, ఈయన ఒక్కడే తిరగడం సర్కారు ఖర్చు మీద పెట్టుకున్నాడు. నోటీసు చదివి తిమ్మప్ప లోపలికి పోయి సనదు ఉన్న రేకు గొట్టం తెచ్చి దుమ్ము తుడిచాడు.

"ఇస్రాయేలూ, ఈ నల్ల శేర్వానీ ఎన్నడు కుట్టిచ్చిన్నో యాదికి లేదు. గది ఇడిస్తే బజార్ల నన్ను గుర్తువట్టేటోడు ఉంటడా?" అన్నాడు.

"నేను పడ్త గద అయ్యా," అన్నాడు ఇస్రాయేలు. తిమ్మప్ప నవ్వాడు కానీ ఆ రోజు వక్కాకు వేసుకోలేదు. ఈ సంగతి ఇస్రాయేలు అనంతయ్యకు చెప్పాడు. అడగకుండానే చెప్పాడు.

విచారణకు ఉప్పునుంతల చావడి ఖాయమైంది. తనను తీసుకుపోవడానికి నాగప్ప బండి గానీ దశరథం బండి గానీ రాకూడదని అనంతయ్య ముందే కబురు చేశాడు. కిరాయి బండి మాట్లాడుకున్నాడు. దారిలో ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్లు ముట్టకూడదని రుక్కమ్మ చేత పులిహోర కట్టించుకున్నాడు, నీళ్ల చెంబు పెట్టుకున్నాడు. శేర్వానీ, టోపీ, గొడుగు, కొత్తగా కుట్టించిన చెప్పులు. ముందు రోజు రాత్రి దారిలో ఒక ఊరి సత్రంలో ఆగి, తెల్లారి మళ్లీ బయలుదేరి దుందుభి వాగు దాకా మహారాజులా వచ్చాడు.

వాగు దగ్గర కిరాయి బండి ఆగింది.

"ఇగ రాను, వకీల్ సాబ్," అన్నాడు బండివాడు. "ఇసుకల నా ఎద్దులు దిగబడ్తయి. అవి చిన్న జీవాలు."

"ఊరి దాక అని మాట్లాడుకుంటిమి గద."

"మీరు ఊరి దాక అన్నరు. నేను వాగు దాక అనుకున్న," అని బండివాడు ఎంతో మర్యాదగా బండి తిప్పుకుని పోయాడు.

నీళ్లు మోకాలి లోతే. చెప్పులు విప్పి చేత పట్టుకోమని ఇస్రాయేలు చెప్పాడు. విచారణ చేయబోయే మనిషి చెప్పులు చేత పట్టుకుని ఊరికి పోవడం అనంతయ్యకు నచ్చలేదు. నాలుగడుగులు వేశాక కుడికాలు ఇసుకలో కూరుకుపోయింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఆయన్ను పట్టుకోబోయి ఇస్రాయేలు పులిహోర మూట వదిలేశాడు. అది తేలుతూ పోతుంటే ఇద్దరూ కాసేపు చూశారు.

"చేపలకు సంతర్పణ పెట్టినం దొరా. పున్నెమే," అన్నాడు ఇస్రాయేలు.

అవతలి ఒడ్డున ఒక బండ మీద అనంతయ్య కూర్చుని శేర్వానీ అంచులు పిండుకుంటుండగా వెనక నుంచి బండి చప్పుడైంది. నల్లెద్దు, తెల్లెద్దు. ఇసుకనూ నీళ్లనూ లెక్కచేయకుండా ఊపుగా ఒడ్డెక్కాయి. నాగర్‌కర్నూలులో వాయిదా చూసుకుని తిరిగి వస్తున్నారు నాగప్ప, దశరథం. విచారణకు హాజరు కావాలి కాబట్టి తిమ్మప్ప కూడా ఉన్నాడు, పక్కన రేకు గొట్టం.

తిమ్మప్ప కిందికి వంగి చూశాడు. "అనంతయ్యా, ఒక్క కాలికే చెప్పున్నదేంది? రెండోది వాయిదాకు పోయిందా?"

"ఎక్కుర్రి దొరా," అన్నాడు నాగప్ప.

"నేనెక్కను. మీరు పోండి."

"మీరెక్కకుంటే మేమెట్ల పోతం? పెద్దమనిషిని నడిపిచ్చి మేం బండ్ల కూసొని ఊర్లకు పోతే ఆడోళ్లు గూడ తిడ్తరు."

అనంతయ్య లేచి నడక మొదలుపెట్టాడు. బండి దాటిపోలేదు, వెనకనే వచ్చింది. ఆయన ఒక కాలికి చెప్పుతో ఎత్తుగా, ఒక కాలు ఒట్టిదిగా, బురదలో నడిచే కొంగలా పోతుంటే, రెండెద్దులు ఆయన మెడ మీదికి ఊపిరి వదులుతూ నడిచాయి. ఇస్రాయేలు ఒకసారి దొర వైపు, ఒకసారి బండి వైపు చూశాడు.

"నాకు సనదు లేదు గద దొరా. నేనెక్కుత," అని ఎక్కేశాడు.

కొద్ది దూరం పోయాక ఒట్టి కాలికి పల్లేరు కాయ గుచ్చుకుంది. ఆ తర్వాత ఇంకోటి. మూడోది గుచ్చుకున్నప్పుడు అనంతయ్య ఆగి, గొడుగు ముడిచి, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి బండెక్కి వెనక అంచున కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి నాగప్ప ఎద్దును ఊరికే అదిలించాడు.

ఎండ ఎక్కింది. నాగప్ప సద్ది విప్పాడు. దశరథం కూడా తనది విప్పాడు. ఒకరి మూటలో జొన్నరొట్టెలు, ఇంకొకరి మూటలో పల్లీల పొడి, ఉల్లిగడ్డలు. రెండూ కలిస్తేనే తిండి అవుతుంది. వాళ్ల ఇంటి ఆడవాళ్లు ముందే మాట్లాడుకుని కట్టినట్టుంది.

"నాకొద్దు," అన్నాడు అనంతయ్య, ఎవరూ అడగకముందే.

"ఇర్లి బిడు, వద్దన్నోనికి పెట్టకుండ్రి," అన్నాడు తిమ్మప్ప. పోనివ్వండిలే అన్న మాటను ఆయన కన్నడంలో అనేవాడు, అప్పుడు అది ఇంకా గట్టిగా గుచ్చుకునేది.

అప్పుడే అనంతయ్య కడుపు పైకి వినపడేలా ఒక అర్జీ పెట్టుకుంది. నల్లెద్దు చెవి కదిలించింది. తిమ్మప్ప సగం రొట్టె మీద పొడి వేసి ఆయన చేతిలో పెట్టాడు. అనంతయ్య తిన్నాడు. ఎన్ని తిన్నాడో ఎక్కడా నమోదు కాలేదు, ఇస్రాయేలు మాత్రం తనకు మిగల్లేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.

కడుపులో రొట్టె పడ్డాక మనిషికి మంచితనం వస్తుంది. అనంతయ్య కాళ్లు చాపుకుని, మీసాలకు అంటిన పొడి తుడుచుకుని, ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "సరే గని నాగప్పా, గా బావిల పొద్దటి వంతు అసలు ఎవరిది?"

బండి ఆగింది. నాగప్ప పగ్గాలు గుంజి పట్టుకున్నాడు. దశరథం ఆకాశం వైపు చూశాడు. తిమ్మప్ప గబగబా వక్కాకుల సంచి తీసి అందులో తల దూర్చాడు.

"దొరా, దిగుర్రి," అన్నాడు నాగప్ప.

"ఎందుకు?"

"బండ్ల బావి మాట ఎత్తొద్దు. ఎత్తినోడు దిగి నడవాలె. గిది మా బండి కాయిదా."

అనంతయ్య దశరథం వైపు తిరిగాడు. ఎదుటి పక్షం కదా, కాదంటాడేమోనని. "నిజమే దొరా. పోయిన వాయిదాకు మా అన్ననే ఎత్తిండు. గుట్ట మలుపు దాక నడిపిచ్చిన," అన్నాడు దశరథం.

"నన్ను రెండుసార్లు దించిండ్రు," అన్నాడు తిమ్మప్ప సంచిలోంచే. "ముసలోడని గూడ చూడలే."

"ఎవరు పెట్టిండ్రు ఈ కాయిదా?"

"ఒకలు పెట్టేదేముంది," అన్నాడు నాగప్ప. "నల్లది నాది, తెల్లది తమ్మునిది. ఇద్దరికీ ఒక్కొక్కటే ఉన్నది. దుక్కికైనా, మోటకైనా, బండికైనా రెండు కలిస్తేనే జత. నేను కచేరీకి వోవాలంటే ఆయన ఎద్దు రావాలె. ఆయన ఎద్దు వస్తే ఆయన రాడా? బండ్ల కొట్లాడుకుంటే ఎద్దులు బెదురుతయి, కాడి ఇరుగుతది. దావా కచేరీల ఉన్నది గద. ఆడనే ఉండనీ."

విచారణ అధికారికి బండి కాయిదా వర్తించదు అని చెప్పడానికి అనంతయ్య నోరు తెరిచాడు. తన జీవితంలో ఆయన ఎన్నో కాయిదాలు రాశాడు, అతికించాడు, చదివి వినిపించాడు. ఎవరూ చూడని చోట, ఎవరి మీదికీ ఫిర్యాదు పోని చోట ఒక కాయిదా తనంతట తాను నడవడం ఆయన అప్పటిదాకా చూడలేదు. నోరు మూసుకుని బండి దిగాడు.

"ఎక్కడి దాక నడవాలె?"

"గా చింతచెట్ల దాక. మీకు కాలు బాగలేదు గనక," అన్నాడు దశరథం. అది చాలా పెద్ద రాయితీ అని అందరి ముఖాలూ చెప్పాయి.

"దొరా, గొడుగు కావాల్నా?" అన్నాడు ఇస్రాయేలు పైనుంచి.

అనంతయ్య బండి చక్రం పక్కన కుంటుకుంటూ నడిచాడు. కొంచెం దూరం పోయాక తల పైకెత్తి అడిగాడు. "ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు, గురువుగారూ?"

తిమ్మప్ప ఆ పిలుపు విన్నాడు. వక్క ఒకటి తీసి కత్తిరించాడు. "నువ్వు అడిగితివా? రొట్టె గురించి అడిగితివి. పక్కన ఎందుకు కూసున్నడని అడిగితివి. కూసొని ఏం మాట్లాడిండ్రని అడుగుతవేమోనని చూస్తనే ఉన్న."

చావడిలో విచారణ పద్ధతి ప్రకారం జరిగింది. అనంతయ్య ఒంటి చెప్పును కూడా విప్పేసి, టోపీ సర్దుకుని, ఒక్కొక్కరినీ విడిగా పిలిచాడు. దశరథాన్ని కాస్త గట్టిగానే అడిగాడు, ఎందుకంటే కుమ్మక్కు ఉంటే లాభపడేది ఆయనే.

"తిమ్మప్ప వకీలు నీతో మెత్తగ ఉంటడా?"

"బండ్ల ఉంటడు."

"కచేరీల?"

"కచేరీల నన్ను చీపురుకట్ట తీరు ఇప్పి పారేస్తడు దొరా. మొన్న అడిగిన అడుగుడుకు మా తాత పేరు నేనే మరిచిపోయిన. మల్ల బండెక్కినంక, నీళ్లు తాగు బిడ్డా అని చెంబిస్తడు. గక్కడ గది, గిక్కడ గిది."

నాగప్ప కూడా దాదాపు అదే చెప్పాడు, రామచంద్రయ్య వకీలు గురించి నాలుగు మాటలు అదనంగా చెప్పాడు. ఆ నాలుగు మాటలు విచారణకు సంబంధం లేనివని అనంతయ్య రాసుకోలేదు.

ఆఖరున తిమ్మప్ప వచ్చి రేకు గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. చేయి దాని మీదనే ఉంచాడు. "బండి ఎక్కిన, రొట్టె తిన్న. రెండూ నిజమే. గోడ మీది కాయిదా ప్రకారం తప్పే. తీసుకో."

"ఫైసలా రాకముందు తీసుకునే అధికారం నాకు లేదు," అన్నాడు అనంతయ్య. గొట్టాన్ని రెండు చేతులతో తీసి మళ్లీ ఆయన ఒళ్లో పెట్టాడు. మామూలుగా ఆయన ఇట్లాంటి మాట ఎంత బిగువుగా అంటాడో, అంత బిగువుగానే అన్నాడు. 

నాగర్‌కర్నూలు తిరిగొచ్చాక రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. రాసింది రుక్కమ్మకు చదివి వినిపించాడు. తిమ్మప్ప ఎదుటి పక్షంతో ఒకే బండిలో వచ్చింది నిజం. కలిసి తిన్నది నిజం. బండిలో దావా మాట ఎత్తినందుకు ఆయన్ను రెండుసార్లు దింపి నడిపించింది నిజం, కుమ్మక్కు లేదు. విచారణ అధికారి అనంతయ్య అదే బండి ఎక్కింది నిజం. ఆ రొట్టె తిన్నది నిజం. బండిలో దావా మాట ఎత్తింది కూడా నిజం, అందుకు ఆయన్ను దింపి నడిపించడమైనది.

రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. తర్వాత కొంగు తీసింది. "మీ సంగతి రాయకుంటే ఏమైతది?"

"రాయకుంటే బండి ఎక్కినోడు, రొట్టె తిన్నోడు తిమ్మప్పగారు ఒక్కడే ఉంటడు. పైవాళ్లు గంతవరకే చదివి సనదు తెమ్మంటరు. నేను గూడ ఎక్కిన, తిన్న అని ఉంటే, ఈ దేశంల బండెక్కకుండ వాగు దాటే దారేది అని జర ఆలోచిస్తరు."

"మరి మున్సిఫు కుర్చీ?"

సర్కారీ వకీలుగా మచ్చలేకుండా చేస్తే మున్సిఫు చేస్తారని ఇంట్లో ఒక ఆశ ఉండేది. రుక్కమ్మ మంగళసూత్రం కొత్త గొలుసు కూడా ఆ ఆశకే వాయిదా పడి ఉంది.

"అసలుల ఎట్లుంటే నకలుల అట్లనే," అన్నాడు అనంతయ్య, తండ్రి మాట.

"అయితే పల్లేరు కాయల సంగతి గూడ రాయుండ్రి. అది ఇడిసిపెట్టిండ్రు," అంది రుక్కమ్మ. ఆయన రాశాడు.

నగరం నుంచి ఫైసలా వచ్చింది. తిమ్మప్ప మీద తప్పు లేదు, సనదు ఆయన దగ్గరే ఉంటుంది. విచారణ అధికారి పద్ధతి విచారణ అధికారికి తగినట్టు లేదు, ఇకమీద ఈ పని వేరేవాళ్లు చూస్తారు. మున్సిఫు కుర్చీ గురించి అందులో ఒక్క ముక్క లేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు. అనంతయ్య ఆ కాగితం చదివి, వకీళ్ల గదికి పోయి, గోడ మీది కాయిదాల్లో బండి గురించి ఉన్న పంక్తిని కొట్టేశాడు. కింద కొత్త పంక్తి రాశాడు. బండిలో దావా మాట ఎత్తిన వకీలు దిగి నడవవలెను. ఈసారి అక్షరాలు పెద్దగా రాశాడు. తిమ్మప్ప కండ్లు ఆనవు కదా.

ఇక వకీళ్లు వదులుతారా. టీ తాగుతుండగా ఎవరైనా కేసు ముచ్చట మొదలుపెడితే రామచంద్రయ్య "దిగుర్రి" అనేవాడు. కొన్నాళ్లకు అనంతయ్యకు అదే పేరైంది. దిగుర్రి వకీలు. పిల్లలకు ఆయన అసలు పేరు తెలియని కాలం కూడా వచ్చింది.

బావి దావా కూడా తెగింది. వారాలు మార్చుకోమని ఫైసలా. గెలిచినవాడూ ఓడినవాడూ అదే బండిలో ఊరికి పోయారు. ఆ ఏడు కొత్త జొన్నలు ఇంటికి రాగానే తిమ్మప్పనూ అనంతయ్యనూ భోజనానికి రమ్మన్నారు, తీసుకుపోవడానికి నల్లెద్దు తెల్లెద్దు బండి వచ్చింది. అనంతయ్య రెండు కాళ్లకూ చెప్పులతో, అడగకముందే ఎక్కి తిమ్మప్ప పక్కన కూర్చున్నాడు. వాగు దాటేదాకా ముచ్చట్లు బాగానే నడిచాయి. అవతలి ఒడ్డెక్కాక ఆయనకు ఆగలేదు.

"అన్ని బాగనే ఉన్నయి గని, గా ఫైసలాల ఒక లోపమున్నది. వారం ఎన్నడు మొదలైతదో రాయలే. గా పొద్దటి వంతు..."

అక్కడితో ఆగిపోయాడు. ఎవరూ దిగమనలేదు, ఎద్దులు కూడా ఆగలేదు. ఆయనే శేర్వానీ ఎత్తిపట్టుకుని నడుస్తున్న బండిలోంచి కిందికి దిగాడు.

"దావా అయిపాయె గద దొరా, ఇంకా కాయిదా ఏంది? ఎక్కుర్రి," అన్నాడు నాగప్ప.

"కాయిదా రద్దయినట్టు నాకెవరూ చెప్పలేదు," అన్నాడు అనంతయ్య, చక్రం పక్కన నడుస్తూ. "చింతచెట్ల దాకనే గద?"

"నడవనీ నాగప్పా. ఆయనకు గదే సంబురం," అన్నాడు తిమ్మప్ప. సద్దిమూట విప్పి, రొట్టె సగం తుంచి, పొడి వేసి, బండిలోంచే కిందికి అందించాడు.